ఉంబోనియం పెట్టె: ఈ విడత కన్నాలున్నవి వేరు చేస్తున్నా

ఈ చలికాలం నా గుల్లల పెట్టెంతా ఉంబోనియం వెస్టియారియంకే ఇచ్చేశాను. భీమిలి వైపు ఇసుకలో అలలు వదిలేసి పోయే చిన్న నున్నటి నత్త గుల్ల ఇది. వెడల్పు సెంటీమీటరు దాటితే పెద్దదే. 1758లో లిన్నేయస్ వర్ణించిన జాతి. దీని చుట్టాలు చాలావరకు రాళ్ల మీద నాచు గీక్కుతింటాయి. ఇది మాత్రం ఇసుకలో పైపైన దాక్కుని, మొప్పతో నీళ్లు వడకట్టి తిండి తీసుకుంటుంది.

బూడిద, గులాబీ, గోధుమ రంగులు, వాటి మీద గీతలు, మచ్చలు. ఎన్ని ఏరినా ఇంకో కొత్త నమూనా కనిపిస్తూనే ఉంటుంది. గుర్తుపట్టాలంటే తిరగేసి చూడండి: బొడ్డు దగ్గర గుంట ఉండదు, నిగనిగలాడే దిమ్మ దాన్ని మూసేస్తుంది.

ఇప్పుడు నాకు బాగా పట్టుకున్నవి కన్నాలున్న గుల్లలు. చంద్రనత్త అనే వేటాడే సముద్రపు నత్త దీన్ని పాదంతో చుట్టేసి, ఆమ్లంతో మెత్తబరుస్తూ, నాలుక పళ్లతో గీకుతూ తొలుస్తుంది. భూతద్దం కింద ఆ పని ఎంత శుభ్రంగా ఉంటుందో! కన్నం పైన వెడల్పు, లోపలికి పోయేకొద్దీ ఇరుకు, అంచు ఏటవాలు. అలలకి పగిలిన కన్నమైతే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండిటినీ వేర్వేరు డబ్బాల్లో వేస్తున్నాను. సగం తొలిచి వదిలేసినవి అరుదు, వాటిని విడిగా దాస్తున్నా.

ఏరడానికి అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు మంచివి, ఆటు బాగా దిగుతుంది. నిన్నటి వేళకి ఇంచుమించు 50 నిమిషాలు కలుపుకుని బయల్దేరండి. లోపల పల్చటి గోధుమరంగు మూత కనిపిస్తే నత్త ఉన్నట్టే, సన్యాసి పీత కాపురమున్నా అంతే. అక్కడే తడి ఇసుకలో వదిలేయాలి.

ఇంటికొచ్చాక రోజూ నీళ్లు మారుస్తూ మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో తోమి, నీడలో ఆరబెడతాను. నిమ్మరసం, వెనిగర్ వద్దే వద్దు. గుల్ల కాల్షియం కార్బొనేటు, పులుపు తగిలితే మెరుపు పోతుంది. చెక్క పెట్టె, అట్టపెట్టె కూడా వద్దు. మన విశాఖ తేమకి వాటి నుంచి ఆమ్ల ఆవిర్లు వచ్చి గుల్లల మీద తెల్లటి పొడి పూస్తుంది, ఆ పాడైన పొర మళ్లీ రాదు. మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు, సిలికా జెల్ పొట్లం చాలు. తేదీ, తీరం పేరు పెన్సిల్‌తో రాసిన చీటీ ప్రతి డబ్బాలో ఉండాలి.

వచ్చే పౌర్ణమికి యారాడ ఇసుక చూడాలి, అక్కడ గులాబీవి ఎక్కువో తక్కువో.