సెకను లోపలి పని

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు అర్ధరాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రొయ్యల రైతుకు ప్రాణం పోయినంత పని. పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల థర్మల్ కరెంటు యూనిట్లు. అలాంటిదొకటి ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, గ్రిడ్ ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది. 2013 ఆఖర్లో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది కాబట్టి ఒక్క యూనిట్‌కే కొంప మునగదు. వరసగా పోతేనే భయం, గ్రిడ్‌ను కాపాడే ఆటోమేటిక్ రిలేలు ఊళ్లకు కరెంటు తెచ్చే ఫీడర్లను కోసేస్తాయి. మిగతా ప్లాంట్లలో టర్బైన్ వేగాన్ని సరిచేసే గవర్నర్లు అందుకునేసరికి కొన్ని సెకన్లు పోతాయి. గ్రిడ్‌కు కట్టిన పెద్ద బ్యాటరీ ఇన్వర్టర్‌కు సెకను కూడా అక్కర్లేదు.

10 మెగావాట్ల బ్యాటరీ, 1 శాతం డ్రూప్ (ఫ్రీక్వెన్సీ ఎంత శాతం మారితే పూర్తి పవర్ ఇవ్వాలో ఆ లెక్క), డెడ్‌బ్యాండ్ (బ్యాటరీ పట్టించుకోని చిన్న తేడా) 0.03 హెర్ట్జ్ అనుకోండి. ఫ్రీక్వెన్సీ 49.90 అయితే తేడా 0.10, అందులో 0.03 పోగా 0.07. 50లో 1 శాతం, అంటే 0.5 హెర్ట్జ్‌కు పూర్తి సామర్థ్యం కాబట్టి వచ్చేది 1.4 మెగావాట్లు. డెడ్‌బ్యాండ్ మరీ తగ్గిస్తే ప్రతి చిన్న వణుకుకీ చార్జ్, డిశ్చార్జ్. సెల్స్ ఊరికే అరిగిపోతాయి.

ఎక్కువ మంది పొరపాటు పడేది చార్జ్ దగ్గర. నిండుగా ఉంచితే ఫ్రీక్వెన్సీ పెరిగినప్పుడు మింగడానికి చోటుండదు, సగానికి అటూ ఇటూ ఉంచాలి. చిక్కేంటంటే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్‌కు ఆ నడిమధ్యనే వోల్టేజీ దాదాపు కదలదు, 40 శాతమో 60 శాతమో పోల్చుకోవడం కష్టం. అప్పుడప్పుడూ పూర్తిగా నింపి లెక్క సరిచేసుకోవాలి, అదీ సెల్స్ పేర్చిన అన్ని ర్యాకులకూ ఒకేసారి కాదు.

ఇక మన ఉప్పుగాలి. బ్యాటరీలను, ఇన్వర్టర్‌ను చల్లబరిచే ఏసీల కండెన్సర్ ఫిన్స్‌ను (పల్చటి రేకులను) తినేస్తుంది. చల్లదనం తగ్గితే ఇన్వర్టర్ తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది, రోహిణి కార్తెలో మరీను.