జిల్లాలవారీ పేదరికం లెక్క కట్టడం: నా అనుభవం

ఆదాయాన్ని కాక ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాల్లో లోట్లను లెక్కించే నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం 2019–21 నాటికి బిహార్‌లో పేదలు 33.76 శాతం, కేరళలో 0.55 శాతం. రాష్ట్రాల మధ్య తేడా ఇలా ఇట్టే దొరుకుతుంది. జిల్లాల మధ్య పోలిక స్వయంగా కట్టుకోవాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ముడి డేటాలోకి దిగాలి. నేను చేసే తీరు ఇది.

వ్యక్తుల ఫైలు తీసుకుని, ఆ ఇంటి నివాసులను మాత్రమే ఉంచుతాను. స్త్రీల ఫైలు నుంచి కాన్పు, పిల్లల మరణాల వివరాలను క్లస్టర్ (సర్వేకు ఎంచుకున్న ఊరు లేదా పట్నంలోని ఒక భాగం) నంబరు, ఇంటి నంబరుతో జత చేస్తాను. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో పన్నెండు సూచికల్లో ఏవి లోటో చూసి, వాటి భారాలు (లెక్కలో ఒక్కోదాని వాటా) కూడతాను. పోషణ, చదివిన ఏళ్లు, బడికి హాజరు ఒక్కోదానికి 1/6 భారం. పిల్లల మరణాలు, మాతృ ఆరోగ్యానికి 1/12 చొప్పున. వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, కరెంటు, ఇల్లు, ఆస్తులు, బ్యాంకు ఖాతాకు 1/21 చొప్పున. లోట్ల మొత్తం మూడో వంతుకు చేరితే ఆ ఇంట్లోవాళ్లంతా పేదలే. ఒక్క జాగ్రత్త: సర్వే అడిగేది ఇంట్లో ప్రధానంగా దేనితో వండుతున్నారని. గ్యాస్ కనెక్షన్ ఉండి కట్టెల పొయ్యి మీదే వండితే అది లోటే.

నమూనా భారాన్ని, అంటే సర్వే చేసిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పేందుకు ఫైలులో ఇచ్చే అంకెను, 10 లక్షలతో భాగించి వాడాలి. అసలు వాడకపోతే జిల్లాలో పల్లె, పట్నం వాటా తారుమారవుతుంది.

ఎక్కువమంది బోల్తా పడేది సరిహద్దుల దగ్గర. 2015–16 సర్వేలో తెలంగాణకు 10 జిల్లాలు, 2019–21లో 31. సిద్దిపేటలో పాత మెదక్‌తో పాటు కరీంనగర్, వరంగల్ మండలాలూ ఉన్నాయి. అలాంటప్పుడు పాత మెదక్ అంకె పక్కన సిద్దిపేట అంకె పెట్టి ‘ఇంత తగ్గింది’ అనడం తప్పు. క్లస్టర్ల జీపీఎస్‌తో సరిచేద్దామంటే, గోప్యత కోసం పల్లె క్లస్టర్లను 5 కిలోమీటర్ల దాకా, వాటిలో నూటికి ఒకదాన్ని 10 దాకా జరిపి ఇస్తారు. మండలం అంచున ఉన్న ఊరు ఎటు పోతుందో చెప్పలేం. అందుకే పాత జిల్లాలను కలిపి, రెండు సర్వేల్లోనూ హద్దు మారని పెద్ద ప్రాంతాలు దొరికిన చోటే పోలుస్తాను. దొరకకపోతే పోలిక మానేస్తాను.

రెండో చిక్కు ర్యాంకులది. జిల్లాకు సుమారు 900 ఇళ్లు, క్లస్టర్‌కు 22 చొప్పున. ఒకే ఊరి ఇళ్లు ఒకేలా ఉంటాయి కాబట్టి 900 ఇళ్ల సమాచారం 450 ఇళ్లంత బలమే ఇస్తుందనుకోండి. అప్పుడు 6 శాతం అంటే ఇంచుమించు 3.8 నుంచి 8.2 మధ్య ఎంతైనా కావచ్చు. 5 శాతం జిల్లా ముందు, 6 శాతం జిల్లా వెనక అని పత్రికలో వేస్తే వెనకబడ్డ జిల్లా అని ముద్రపడిన చోటి జనానికి అన్యాయమే. ఈ కారణంగానే జిల్లాలకు రంగులు వేసే పటానికి పేదల శాతాన్ని బట్టి స్థిరమైన మెట్లు పెడతాను: 10 లోపు, 10–20, 20–35, ఆపైన. జిల్లాలను సమాన గుంపులుగా విడగొట్టే పద్ధతిలో కేరళ పటంలో కూడా ఏదో ఒక జిల్లాకు ముదురు రంగు పడి తీరుతుంది.

చివరగా శాతం పక్కన మనుషుల సంఖ్య. 2015–16లో మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్‌లో 71.31 శాతం, ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో 71.88 శాతం పేదలు. పటం మీద రెండూ ఒకే రంగు. 2011 జనాభాతో గుణిస్తే మొదటిదాంట్లో సుమారు 5.2 లక్షల మంది, రెండోదాంట్లో 25 లక్షల మంది. నిధులు శాతాన్ని బట్టే పంచితే బహ్రాయిచ్‌లో తలకు దక్కేది అలీరాజ్‌పూర్‌లో తలకు దక్కేదాంట్లో అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. సంఖ్యను బట్టే పంచితే చెదురుమదురు గూడేలున్న అలీరాజ్‌పూర్‌కు రోడ్డు, నీటి పైపు వేసే ఖర్చు చాలదు. అందుకని పట్టికలో రెండు గడులూ ఉంచి, పక్కనే ఏ సూచికలో లోటు ఎక్కువో చూపిస్తాను.