మహాబలిపురం దారిలో విదేశీ యాత్రికుల లెక్క

చెన్నైలో ఉండే తెలుగువాళ్లకి మహాబలిపురం ఆదివారం పూట వెళ్లొచ్చే ఊరు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో చుట్టాలొస్తే ముందు మెరీనా చూపిస్తాం, తర్వాత అక్కడికే తీసుకెళ్తాం. ఈసారి మేం ఇంటి నుంచి బయల్దేరలేదు. మీనంబాకం విమానాశ్రయంలో అంతర్జాతీయ టెర్మినల్ బయటి గుమ్మం దగ్గర మొదలుపెట్టాం. జర్మనీ నుంచో జపాన్ నుంచో తొలిసారి దిగిన మనిషి ఈ దారిన ఎలా వెళ్తాడో అలాగే, ప్రతి మలుపులో ఆగి చూసుకుంటూ వెళ్లాం. ఇన్ని గుళ్లు, ఇన్ని కోటలు, ఇంత సముద్రం ఉన్న మన దేశాన్ని వదిలేసి లోకమంతా థాయిలాండ్ ఎందుకు పోతోందన్న ప్రశ్నకి జవాబు ఈ దారిలోనే దొరుకుతుంది.

ముందు అంకెలు. కరోనాకి ముందటి చివరి ఏడాది 2019లో భారత్‌కి వచ్చిన విదేశీయులు 1 కోటీ 9 లక్షలు. అదే ఏడాది థాయిలాండ్‌కి వెళ్లినవాళ్లు 3 కోట్ల 98 లక్షలు. 2024లో ఫ్రాన్స్‌కి 10 కోట్లమంది, స్పెయిన్‌కి దాదాపు 9 కోట్ల 40 లక్షలమంది వెళ్లారు. వీటిని పక్కపక్కన పెట్టేముందు ఎలా లెక్కిస్తారో తెలియాలి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ లెక్కలో సరిహద్దు దాటి కనీసం ఒక రాత్రి గడిపినవాడే టూరిస్టు. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతే కాడు. ఆస్పత్రికొచ్చినా, పెళ్లికొచ్చినా, మీటింగుకొచ్చినా రాత్రి ఉంటే టూరిస్టే.

రాష్ట్రాల లెక్క వేరు. 2019లో తమిళనాడుకి విదేశీయుల సందర్శనలు 68 లక్షల 66 వేలని చూసి, దేశానికొచ్చినవాళ్లలో సగానికి పైగా ఇక్కడికే వచ్చారనుకుంటే పొరపాటు. చెన్నైలో ఒక రాత్రి, తంజావూరులో ఒక రాత్రి, కొచ్చిలో ఇంకో రాత్రి పడుకున్న ఒకే మనిషి లెక్కలో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. అందుకే ఆ ఏడాది అన్ని రాష్ట్రాల సందర్శనలూ కలిపితే 3 కోట్ల 14 లక్షలు తేలాయి. ప్రవాస భారతీయుల్ని ఇంకో పద్దులో, దాదాపు 70 లక్షలుగా చూపించారు. వార్తల్లో అంకె కనిపించినప్పుడు అది ఈ మూడింట్లో ఏదో చూసుకోవాలి.

ఇక ప్రయాణం. విదేశీయుడి ప్రయాణం మీనంబాకంలో కాదు, అతని ఇంట్లో వీసా ఫారం దగ్గర మొదలవుతుంది. మన ఈ-వీసా పద్ధతి 2014 నవంబర్ 27న 43 దేశాలవాళ్లకి, 9 విమానాశ్రయాల్లో మొదలైంది. వాటిలో చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ మూడూ ఉన్నాయి. అంతకుముందు పాస్‌పోర్టు పట్టుకుని రాయబార కార్యాలయం చుట్టూ తిరగాల్సిన మనిషికి అది పెద్ద వెసులుబాటు. కానీ ఫారం ఇప్పటికీ పొడుగే. తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారు, గత పదేళ్లలో ఏయే దేశాలు తిరిగారు, భారత్‌లో ఎరిగినవాళ్లెవరు, సొంత దేశంలో ఎవరు అని వరసగా అడుగుతుంది. ఫొటో చదరంగా ఉండాలి, పాస్‌పోర్టు పేజీని పీడీఎఫ్‌గానే పెట్టాలి. సైజు కొంచెం మించినా ఎక్కదు. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ తరచూ జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే దళారీ సైట్లు వెతుకులాటలో పైకి తేలి, అసలు రుసుముకి ఎన్నో రెట్లు లాగుతాయి. మన దేశపు గడప ఇంకా తొక్కకుండానే ఆ మనిషికి మన మీద నమ్మకం సగం పోతుంది.

థాయిలాండ్ ఏం చేసిందో చూడండి. 2023 నవంబర్ 10 నుంచి మనవాళ్లకి వీసా తీసేసింది. 2024 జులైలో 93 దేశాలవాళ్లకి వీసా లేకుండా 60 రోజుల దాకా ఉండే వీలిచ్చింది. 2025 మే 1 నుంచి ఆన్‌లైన్ అరైవల్ కార్డు పెట్టింది. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపితే చాలు, రుసుము లేదు. మలేషియా కూడా 2023 డిసెంబర్ 1 నుంచి మనకి 30 రోజులకి వీసా అడగడం మానేసింది. చెన్నైలో ఒక తెలుగు కుటుంబం శుక్రవారం అనుకుని ఆదివారానికల్లా బ్యాంకాక్‌లో ఉండగలదు. బ్యాంకాక్ నుంచి ఒక కుటుంబం అలా అనుకుని చెన్నై రాలేదు. 2024లో 21 లక్షలకి పైగా భారతీయులు థాయిలాండ్ వెళ్లడానికి ఇది చిన్న కారణం కాదు.

వీసా చేతికొచ్చి, ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చాక రెండోది ఫోను. విదేశీయుడు సిమ్ కొనాలంటే పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ఫొటో ఇవ్వాలి. తర్వాత అది పనిచేయడానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లోనే అతనికి ఫోను ఎక్కువ అవసరం. ఇక్కడ కారు పిలవాలన్నా, రైలు టికెట్ కొనాలన్నా, తిండి తెప్పించుకోవాలన్నా ఓటీపీ కావాలి, ఓటీపీకి మన దేశపు నంబరు కావాలి. డబ్బు సంగతీ అంతే. టీకొట్టు నుంచి కొబ్బరిబోండాల బండి దాకా మనకి యూపీఐ ఉంది. విదేశీ బ్యాంకు ఖాతా ఉన్నవాడికి అది నేరుగా పనిచేయదు. విదేశీ సందర్శకుల కోసం 2023లో జీ-20 వేళ యూపీఐ వన్ వరల్డ్ అనే వాలెట్ తెచ్చారు. పాస్‌పోర్టు, వీసా చూపిస్తే చాలు, బ్యాంకు ఖాతా అక్కర్లేదు. మంచి ఆలోచన. విమానం దిగే ప్రతి మనిషికీ దాని సంగతి తెలిసేలా చేయడమే మిగిలిన పని. అందాకా అతని జేబులో 500 నోట్లు, బండివాడి దగ్గర చిల్లర లేకపోవడం తప్పవు.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి మెట్రో ఉంది, 50 రూపాయల్లోపే. మహాబలిపురం మాత్రం అటువైపు కాదు. తక్కువ ఖర్చుతో వెళ్లాలంటే రోడ్డు దాటి తిరుశూలం స్టేషన్‌లో లోకల్ రైలెక్కి తాంబరంలో దిగాలి, అక్కడ 515 నంబరు బస్సు పట్టుకోవాలి. సామాను తక్కువైతే ఇదే సుఖం. ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద పుదుచ్చేరి బస్సుల్లో చాలావరకు ఊళ్లోకి రావు, బైపాస్ దగ్గర దింపేస్తాయి. అక్కడి నుంచి ఆటో. బస్సు మీద ఊరి పేరు తమిళంలోనే ఉంటే, తెలుగువాళ్లమైన మనమే పక్కవాణ్ని అడుగుతాం. కొరియా నుంచి వచ్చినవాడి సంగతి చెప్పక్కర్లేదు. బ్యాంకాక్‌లో సువర్ణభూమి నుంచి ఊళ్లోకి 2010 నుంచే రైలు నడుస్తోంది. చివరి స్టేషన్ దాకా 45 బాట్లు. గుర్తులన్నీ రెండు భాషల్లో ఉంటాయి.

రాత్రి బస దగ్గర మన దేశపు చిక్కు ఒకటి బయటివాళ్లకి తెలియదు. విదేశీయుడు దిగితే లాడ్జి యజమాని 24 గంటల్లోపు ఆ వివరాలు ఇమిగ్రేషన్ అధికారులకి ఆన్‌లైన్‌లో పంపాలి. సి ఫారం అని అందరూ పిలిచేది దీన్నే. ఆ సైట్‌లో నమోదు కాని చిన్న లాడ్జీలు, కేసవుతుందన్న భయంతో, గదులు ఖాళీగా ఉన్నా విదేశీయుల్ని తిప్పి పంపుతాయి. రాత్రి 11 గంటలకి భుజాన సంచితో వచ్చిన కుర్రాడికి ఇది అవమానంగానే తోస్తుంది. థాయిలాండ్‌లోనూ ఇలాంటి నిబంధనే ఉంది, అక్కడా 24 గంటలే. తేడా ఏమిటంటే అక్కడి బసలకి అది రోజూ చేసే పని, ఇక్కడి చిన్న లాడ్జీకి ఎప్పుడో ఒకసారి తగిలే తలనొప్పి. అందుకే మా సలహా ఒకటే. ఎవరైనా విదేశీ మిత్రుడు వస్తుంటే గది బుక్ చేసేముందు లాడ్జికి ఫోన్ చేసి, విదేశీయుల నమోదు ఉందా అని నోటితో అడగండి.

మహాబలిపురంలో తెల్లవారుజామునే దిగడం మేలు. తీరాలయం పొద్దున 6 గంటలకే తెరుస్తారు. 8వ శతాబ్దం తొలినాళ్లలో రాజసింహ పల్లవుడి కాలంలో, రాతి దిమ్మలు పేర్చి కట్టిన గుడి ఇది. రెండు శివాలయాలు, వాటి మధ్య శయనించిన విష్ణువు. తూర్పు ముఖం కాబట్టి తొలి వెలుగు నేరుగా రాతి మీద పడుతుంది. పంచరథాలు అలా కట్టినవి కావు, ఒక్కొక్కటీ నిలువునా ఒకే బండని చెక్కినవి. అక్కడ నీడ లేదు. 9 దాటితే కాళ్ల కింద ఇసుక, నెత్తిన ఎండ రెండూ కాలుతాయి. కాబట్టి ముందు తీరాలయం, వెంటనే రథాలు, ఆ తర్వాత కొండ మీది గుహలు, అర్జున తపస్సు. ఈ వరసలో వెళ్తే నాలుగు గంటలు చాలు. నీళ్లసీసా ఇద్దరికి రెండు లీటర్లు పట్టుకెళ్లండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ నడిమి దాకా ఈశాన్య రుతుపవనాల వాన, ఏప్రిల్ నుంచి వేడి. యూరప్ చలికి పారిపోయి వచ్చేవాళ్లకి అసలైన కాలం జనవరి, ఫిబ్రవరి.

టికెట్ మనకి 40 రూపాయలు, విదేశీయులకి 600. తీరాలయానికీ రథాలకీ ఒకటే టికెట్, అదే రోజు వాడుకోవాలి, పారేయకూడదు. శ్రీలంక, నేపాల్‌లాంటి సార్క్ దేశాలవాళ్లకీ, థాయిలాండ్ ఉన్న బిమ్స్‌టెక్ దేశాలవాళ్లకీ మన ధరే. పాస్‌పోర్టు చూపించి అడిగి తీసుకోవాలి. విదేశీయులు రాకపోవడానికి ఈ పదిహేను రెట్ల తేడాయే కారణమని చాలామంది అంటారు. మేం ఒప్పుకోం. కంబోడియాలో అంగ్‌కోర్ ఒక్కరోజు టికెట్ 37 డాలర్లు. బ్యాంకాక్ రాజప్రాసాదానికి థాయిలకి టికెట్టే లేదు, విదేశీయులకి 500 బాట్లు. అక్కడ కిటకిటలాడుతున్నారు. వేల డాలర్లు పెట్టి వచ్చినవాడు 7 డాలర్లకి వెనక్కి పోడు. అంత తీసుకున్నాక లోపల శుభ్రమైన టాయిలెట్, కూర్చోవడానికి నీడ, తన భాషలో చెప్పే గైడు దొరక్కపోతే మాత్రం ఆ మాట ఊరెళ్లి పదిమందికి చెప్తాడు.

ఇవన్నీ సరిచేసుకున్నా ఫ్రాన్స్ కాలేం. ఎందుకంటే భూగోళం ముందు మాట్లాడుతుంది. ఫ్రాన్స్ చుట్టూ బెల్జియం, జర్మనీ, స్విట్జర్లాండ్, ఇటలీ, స్పెయిన్ ఉన్నాయి. అన్నీ డబ్బున్న దేశాలు, సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందంలోకి 1995 నుంచి ఒక్కొక్కటిగా వచ్చాయి. సొంత కారులో వచ్చి ఒక రాత్రి పడుకుంటే లెక్కలో పడ్డట్టే. ఉత్తరం నుంచి స్పెయిన్‌కి కారులో వెళ్లేవాళ్లు కూడా ఫ్రాన్స్ మీదుగానే వెళ్లాలి. థాయిలాండ్‌కి 2019లో దాదాపు 1 కోటీ 10 లక్షలమంది చైనా నుంచే వచ్చారు. అంటే ఒక్క చైనావాళ్లే మన దేశానికి వచ్చిన మొత్తం విదేశీయులతో సమానం. మన పొరుగు చూడండి. పాకిస్తాన్ సరిహద్దు మూసినట్టే. చైనావాళ్లకి టూరిస్టు వీసాలు 2020లో ఆపి 2025 జులైలో గానీ మళ్లీ మొదలుపెట్టలేదు. మిగిలిన పెద్ద పొరుగు బంగ్లాదేశ్. అక్కడినుంచి ఏటా లక్షల్లో వచ్చేవాళ్లు. పెద్ద ఆస్పత్రులున్న చెన్నై గ్రీమ్స్ రోడ్డులోనూ వెల్లూరులోనూ బెంగాలీ బోర్డులు కనిపించేది వాళ్ల కోసమే. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక ఆ వీసాలూ బాగా తగ్గించారు. మహాబలిపురం శిల్పంలో ఏ లోటూ రాలేదు, లెక్క మాత్రం పడిపోయింది.

పొరుగు తర్వాత బంధుత్వం. ఈసీఆర్ మీద ఫ్రెంచివాళ్లు కనిపించేది ఈ రోడ్డు పుదుచ్చేరికి పోతుంది కాబట్టి. చెన్నైలో మలేషియావాళ్లు, శ్రీలంకవాళ్లు తిరిగేది ఇక్కడ వాళ్ల చుట్టాలు, గుళ్లు, పట్టుచీరల కొట్లు ఉన్నాయి కాబట్టి. ఆ తర్వాత విమానం. యూరప్ నుంచి చెన్నైకి నేరుగా వచ్చే విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఎక్కువమంది గల్ఫ్‌లో మారి రావాల్సిందే. మారిన ప్రతిచోటా కొంతమంది, మరీ ముఖ్యంగా పిల్లలున్నవాళ్లు, వద్దనుకుంటారు.

భయం వీటన్నిటినీ ఒక్కరోజులో తుడిచేస్తుంది. శ్రీలంకకి 2018లో 23 లక్షలమంది వచ్చారు. 2019 ఈస్టర్ బాంబుల తర్వాత ఆ ఏడాది 19 లక్షలకి దిగింది. ఆ పైన కరోనా, ఆ పైన ఆర్థిక సంక్షోభం. మళ్లీ 20 లక్షలు దాటడానికి 2024 దాకా పట్టింది. కరెన్సీ పడిపోవడం మాత్రం ఒక్కోసారి మేలు చేస్తుంది. 1997 జులైలో బాట్ కూలిపోతే, థాయిలాండ్ దాన్నే అవకాశంగా తీసుకుని ‘అమేజింగ్ థాయిలాండ్’ ప్రచారం మొదలుపెట్టింది.

తలలు లెక్కపెట్టడమే గొప్ప అనీ అనుకోకూడదు. 2019లో థాయిలాండ్‌కి మనకన్నా మూడున్నర రెట్లు ఎక్కువమంది వెళ్లినా, విదేశీయుల నుంచి అది సంపాదించింది మనకి దాదాపు రెట్టింపు మాత్రమే. మన దగ్గరికి వచ్చినవాడు ఎక్కువ రోజులు ఉంటాడు, ఎక్కువ ఖర్చు పెడతాడు. ఫ్రాన్స్ కన్నా తక్కువమంది వెళ్లే అమెరికాదే సంపాదనలో మొదటి స్థానం. భూటాన్ అయితే కావాలనే రాత్రికి 100 డాలర్ల రుసుము పెట్టి జనాన్ని తగ్గించుకుంటోంది. మహాబలిపురానికి కూడా కావలసింది ఇంకో వెయ్యి బస్సులు కాదు, వచ్చినవాళ్లు ఇంకో రాత్రి ఉండటం. ఇప్పుడు చాలామంది చెన్నైలో పడుకుని, పూటలో చూసేసి పోతున్నారు. శిల్పుల వాడలో ఉలి చప్పుడు వినకుండా, కోవళంలో 2021లో శుభ్రతకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్ చూడకుండా పోతున్నారు.

ఆ రెండో రోజు ఎలా పెట్టుకోవాలో చెప్పి ఆపుతాం. చెన్నై వైపు తిరుగుదారిలో ముందు మొసళ్లని పెంచే మొసళ్ల బ్యాంకు, తర్వాత కోవళం, ముట్టుకాడులో దక్షిణాది పాత ఇళ్లని చూపించే దక్షిణచిత్ర వస్తాయి. ఊళ్లోకొచ్చాక ఎగ్మూరు మ్యూజియంలో మన అమరావతి స్తూపం సున్నపురాతి ఫలకాలున్నాయి. తెలుగువాళ్లు విదేశీ అతిథికి చూపించకుండా పంపకూడనిది అదే. మొసళ్ల బ్యాంకుకి సోమవారం సెలవు, దక్షిణచిత్రకి మంగళవారం, మ్యూజియానికి శుక్రవారం. శని, ఆదివారాల్లో ఈసీఆర్ మీద కార్లు కదలవు. అందుకని మంగళవారం రాత్రి మహాబలిపురంలో బస చేసి, బుధవారం తెల్లారే గుళ్లు చూసి, గురువారం ఈ దారిన తిరిగి వస్తే ఎక్కడా మూసిన తలుపు ఎదురుకాదు.