సున్నపు తొట్టి దగ్గర ఒక మధ్యాహ్నం

మా బడి పూర్వ విద్యార్థుల సభకు తెచ్చే సంచికలో రాయమని కమిటీ తరఫున మా క్లాసు బెల్లంగాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. "ఒక్క పేజీ చాలు, ఆరో తరగతి నుంచి పది దాకా అన్నీ రాయి" అన్నాడు. అన్నీ రాయలేను. బడి అనగానే నాకు ఎనిమిదో తరగతిలోని ఆ ఒక్క మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

వార్షికోత్సవానికి గోడలకు సున్నం వేయిస్తున్నారు. పిడుగురాళ్ల బట్టీల నుంచి కాల్చిన సున్నపు రాళ్లు, అంటే పొడిసున్నం, వచ్చాయి. సైన్సు మాస్టారు పాఠం మధ్యలో పుస్తకం మూసేసి మనందరినీ వేపచెట్టు కిందికి తీసుకెళ్లారు. తొట్టిలో రాళ్లు వేసి నీళ్లు పోశారు. పొయ్యి లేదు, నిప్పు లేదు, నీళ్లు కుతకుతా ఉడికాయి. రాళ్లు విచ్చుకుని పిండైపోయాయి.

"భౌతికమా, రసాయనికమా?" అన్నారు మాస్టారు. ఉప్పు కరిగినట్టే కదా, భౌతికమే అంది గోళీల బ్యాచ్. నేను రసాయనికం అన్నాను. ఎందుకంటే "వెనక్కి తేలేం కాబట్టి" అని గైడులో ఉన్నది అప్పజెప్పాను. మాస్టారు ఒప్పుకోలేదు. కాగితం చింపితే మళ్లీ అతకదు, అయినా అది కాగితమే, కాబట్టి భౌతిక మార్పు. ఈ తడిసున్నాన్ని 500 డిగ్రీలు దాటించి బాగా కాలిస్తే నీటిని వదిలి మళ్లీ పొడిసున్నం అవుతుంది, అయినా ఇక్కడ జరిగింది రసాయన మార్పే. "వెనక్కి వస్తుందా అని కాదమ్మా, కొత్త పదార్థం పుట్టిందా అని అడుగు" అన్నారు.

అంతటితో వదల్లేదు. మర్నాడు గోడ తడిమించారు, చేతికి తెల్లగా అంటింది. కొన్ని వారాలకు మళ్లీ తడిమించారు, గట్టిపడింది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని అది కాల్షియం కార్బొనేట్ అయింది. అంటే గనిలోంచి తవ్విన సున్నపురాయే! బట్టీలో పోగొట్టుకున్నదాన్ని గోడ మీద తిరిగి తెచ్చుకుంది. నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

తర్వాతి రెండేళ్ల సంగతి ఇంకెవరైనా రాస్తారు.

ఇప్పుడు నేను పల్నాడులోనే ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌కు ఇన్‌చార్జిని. మా కిల్న్‌లో, అంటే సిమెంటు బట్టీలో, సరుకు 1450 డిగ్రీల దాకా కాలుతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లల చేత మొదటిరోజే ఒక గ్రాము సున్నపురాయి పొడి తూయించి ఫర్నేస్‌లో పెట్టిస్తాను. స్వచ్ఛమైన రాయైతే 0.56 గ్రాము మిగులుతుంది. మిగతాది ఎటు పోయిందో చెప్పేదాకా టీకి వదలను. ఇద్దరు ముగ్గురు ఆ ప్రశ్నతోనే కెమిస్ట్రీని మళ్లీ ఇష్టపడ్డామన్నారు.

మొన్న సంక్రాంతికి బడికి వెళ్లాను. ఉత్తరం గోడ మూల పాత సున్నం పెచ్చు ఒకటి ఊడి ఉంది, తెచ్చుకున్నాను. కొంచెం గీకి ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగింది. మిగిలిన ముక్క కాగితంలో చుట్టి ఉంచాను. సభ రోజు మాస్టారి చేతిలో పెడతాను.