థర్మాకోల్ డబ్బాలో కోడిపిల్లలు: గుంటూరు గాలికి తగ్గ లెక్క

కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు వండరు. ఆ సంగతి కోళ్లకి తెలియదు కదా, గుడ్లు పెడుతూనే ఉంటాయి. పెరట్లోని నాటుపెట్టల్లో ఒక్కటీ పొదుగుకి రాలేదు, గిన్నెలో గుడ్లు పేరుకుపోతున్నాయి. పెట్ట లేకుండా గుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్ ఒకటి చేయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను, దానికి ఇదే అదను అనిపించింది. ఎండాకాలంలో ఇక్కడ ఈ పని పెట్టుకోకూడదు కూడా. గదే 40 డిగ్రీలకి చేరితే బల్బు ఆపినా డబ్బాలో వేడి దిగదు.

కొత్తపేటలో ఒక మందుల షాపువాళ్లు ఇంజెక్షన్లు వచ్చిన మందపాటి థర్మాకోల్ డబ్బా ఊరికే ఇచ్చారు. పాతరకం 40 వాట్ల బల్బులు రెండు బిగించాను, ఒకటి మాడినా రెండోది ఆదుకుంటుందని. ఎల్ఈడీ వేడి సరిపోదు. బల్బుల వెనక థర్మాకోల్ కరగకుండా రేకు ముక్క అడ్డం పెట్టాను. గాలి తిరగడానికి పాత కంప్యూటర్‌లోని ఫ్యాన్, వేడిని బట్టి బల్బుల్ని వెలిగించి ఆర్పడానికి డబ్ల్యూ1209 అనే చిన్న థర్మోస్టాట్ బోర్డు. రెండూ 12 వోల్టులవే కాబట్టి ఒకే అడాప్టర్ సరిపోయింది. బల్బుల 230 వోల్టుల వైరింగ్ మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించాను.

ఆ బోర్డుని కొన్నది కొన్నట్టు వాడితే కుదరదు. అందులో తేడా 2 డిగ్రీలని పెట్టి వస్తుంది, అంటే వేడి అంత పడిపోయేదాకా బల్బు వెలగదు. పీ1 సెట్టింగ్‌లో దాన్ని 0.3కి తగ్గించాను. తర్వాత గోరువెచ్చని నీళ్ల గ్లాసులో దాని సెన్సర్‌నీ, జ్వరం చూసుకునే థర్మామీటర్‌నీ కలిపి ముంచాను. ఫ్యాన్ ఉన్న డబ్బాలో గుడ్లకి కావలసింది 37.5, జ్వరం లెక్కలో 99.5. ఆ వేడి దగ్గర కొలవడానికి ఇంట్లో ఉండే జ్వరం థర్మామీటర్‌ని మించినది లేదు. బోర్డు దాదాపు ఒక డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది, పీ4లో సరిచేశాను.

అసలు తలనొప్పి తేమతో. వీడియోల్లో అందరూ నీళ్ల పళ్లెం పెట్టమంటారు, ఎంత పళ్లెమో చెప్పరు. పళ్లెం వెడల్పుని బట్టే తేమ పెరుగుతుంది, లోతుని బట్టి కాదు. మన బయటి గాలి 28 డిగ్రీల దగ్గర 70 శాతం తేమతో ఉందనుకోండి, అదే గాలి 37.5కి వేడెక్కితే తేమ 40 శాతం దగ్గరికి పడిపోతుంది. మొదటి 18 రోజులూ కావలసింది 50 అటూ ఇటూ. అంటే మన దగ్గర ఒక టీ కప్పు చాలు, వెడల్పాటి పళ్లెం పెడితే ఎక్కువైపోతుంది. తేమ మరీ ఎక్కువైతే గుడ్డులో నీరు ఆవిరి కాదు, గుడ్డు మొద్దు కొనలో ఉండే గాలి గది పెరగదు, చివర్లో పిల్లకి ఊపిరాడదు. తేమ చూపించే మీటర్ మీద నాకు నమ్మకం తక్కువ. వంటింటి డిజిటల్ కాటాతో గుడ్లు తూచాను. 18 రోజులకి బరువు 12 శాతం దాకా తగ్గాలి, 45 గ్రాముల నాటుగుడ్డయితే 5 గ్రాముల పైచిలుకు. తగ్గుదల తక్కువుంటే కప్పు తీసేయడం, ఎక్కువుంటే మళ్లీ పెట్టడం, అంతే.

అమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. "ఉరిమితే గుడ్లు మురిగిపోతాయిరా" అంటూ ఒక ఇనుప మేకు తెచ్చి డబ్బాలో పడేసింది. పొదుగు గంపలో ఇనుము పెట్టడం ఆవిడ అలవాటు. ఫ్యాన్‌కి తగలనంతవరకు నాకేం అభ్యంతరం లేదు.

గుడ్లకి పెన్సిల్‌తో ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా గీసి, రోజుకి మూడుసార్లు తిప్పాను. బేసి లెక్కయితే రాత్రంతా కింద ఉండే వైపు రోజూ మారుతుంది. ఏడో రోజు అట్టముక్కకి చిల్లు పెట్టి ఫోన్ టార్చి మీద గుడ్డు ఆనించి చూస్తే, మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. ఆ చుక్క కదిలింది! ఏమీ కనిపించనివి పక్కన పెట్టేశాను. కరెంటు పోతే మాత్రం కంగారు పడక్కర్లేదు. పెట్ట కూడా మేతకి లేచి వెళుతుంది కదా. దుప్పటి కప్పితే కాసేపు ఆగుతాయి. చల్లదనం కన్నా 40 దాటిన వేడే ప్రమాదం.

18వ రోజు నుంచి తిప్పడం మానేసి, పెద్ద పళ్లెం పెట్టి తేమ 65 పైకి తెచ్చాను. మూత తీయకూడదు. టెన్షన్ అంతా ఇక్కడే. పెంకు మీద మొదటి పగులు కనిపించాక పిల్ల పూర్తిగా బయటికి రావడానికి రోజు దాకా పట్టవచ్చు, లోపల్నుంచి కిచకిచలు వినిపిస్తుంటే వేలు పెట్టి సాయం చేయాలనిపిస్తుంది. చేయకూడదు, పచ్చసొన లోపలికి పీల్చుకోవడం, నరాల్లోని రక్తం ఇంకిపోవడం అప్పుడే జరుగుతుంది. ఆ పచ్చసొన వల్లే పుట్టిన పిల్ల రెండు రోజులు మేత లేకపోయినా ఉంటుంది. కాబట్టి ఒళ్లు ఆరేదాకా డబ్బాలోనే వదిలేశాను.

నరాలు కనిపించిన గుడ్లలో ఎక్కువ భాగం పిల్లలయ్యాయి. అట్టపెట్టెలోకి మార్చి, అందులో ఒక బల్బు వేలాడదీశాను. మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించాలి. మేతకి నూకలు, పిల్లల దాణా. ఏడో రోజుకి కొక్కెర తెగులు రాకుండా లసోటా అనే టీకా చుక్కలు వేయాలి. ఆ సీసా వందల పిల్లలకి సరిపడా వస్తుంది, కలిపాక నిలవ ఉండదు. వీధిలో ఇంకా ఎవరింట్లో పిల్లలున్నాయో అమ్మ కనుక్కుని వచ్చింది, అందరం కలిసి ఒకే సీసా తెచ్చుకున్నాం.