4759 డబ్బా

ఆదివారం, రాత్రి.

పొద్దున అల్మరా సర్దుదామని కూర్చున్నాను. అరగంట పని. కింది అరలో వెనక్కి నెట్టేసి ఉన్న పాత పౌడర్ (తుపాకి మందు) డబ్బా ఒకటి చేతికి తగిలింది, ఇక సాయంత్రం వరకూ దానితోనే సరిపోయింది.

ఐఎంఆర్ కంపెనీ ఎస్ఆర్ 4759. తూటాలు సొంతంగా నింపుకునే పాతకాపుల ముందు ఈ నంబర్ అంటే చాలు, ఓ నిట్టూర్పు వినిపిస్తుంది. దీన్ని తయారు చేయడం మానేసి చాలా ఏళ్ళయింది. నాకు పెదనాన్న తూటాలు నింపే ప్రెస్‌తో పాటు వచ్చింది. మూత మీద అంటించిన కాగితంపై ఆయన చేతిరాత: "సీసానికి మాత్రమే". అంటే సీసం కరిగించి పోత పోసిన బుల్లెట్లకే వాడమని.

మూత తీయబోతే కొంచెం టెన్షన్. పొగరాని మందు అంటే ముఖ్యంగా నైట్రోసెల్యులోజ్. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియేల్ దాన్ని తుపాకికి పనికొచ్చేలా మచ్చిక చేశాడు గానీ, లోలోపల నెమ్మదిగా చెడిపోయే దాని గుణం మాత్రం పోలేదు. అందుకే ఆ చెడిపోవడాన్ని అడ్డుకునే డైఫినైలమీన్ లాంటివి కలుపుతారు. అవి ఖర్చయిపోతే ఆమ్లం ఊరడం మొదలవుతుంది. ముక్కు మండించే ఘాటు, తుప్పు రంగు ధూళి, ఎర్రగోధుమ రంగు పొగ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక ఆలోచించేది లేదు, వదిలించుకోవాల్సిందే. భయపడుతూనే తీశాను. ఈథర్‌లా ఉండే ఆ పాత వాసనే. తెల్ల కాగితం మీద కాస్త ఒంపితే గింజలు నల్లగా, శుభ్రంగా జారాయి. డబ్బా అంచున తుప్పు లేదు.

"మందు బానే ఉందిరా!" అని కేకేశాను. టీవీ ముందున్న తమ్ముడు ఇంకో మందు అనుకుని హుషారుగా లేచొచ్చాడు. పాపం. డబ్బా చూసి నీరుగారిపోయి, "కొత్త పౌడర్‌లో కలిపెయ్ అన్నయ్యా, చోటైనా మిగులుతుంది" అన్నాడు. వాడిది అమాయకత్వమే గానీ నా గుండె ఝల్లుమంది. ఒక్కో పౌడర్ ఒక్కో వేగంతో కాలుతుంది. రెండూ కలిస్తే ఎంత వేగంతో కాలుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు, తుపాకి పేలినప్పుడే తెలుస్తుంది. కలపడం దాకా ఎందుకు, పేరు దగ్గరే పొరపాటు పడొచ్చు. ఐఎంఆర్ 4895, హెచ్ 4895 అని రెండున్నాయి. నంబర్ ఒకటే, మందు వేరు, ఎంత పోయాలన్న లెక్కలూ వేరు.

మరి దీన్ని దేనికి వాడాలి? 4759 గొప్పతనమంతా దాని ఉబ్బులో ఉంది. తూకానికి తక్కువ, చోటుకి ఎక్కువ. 45-70 లాంటి తూటా 1873 నాటిది. పేరులోని 70 అంటే అప్పట్లో అందులో పట్టించిన నల్లమందు తూకం, 70 గ్రెయిన్లు. అంత పెద్ద తొడుగులో చిక్కటి కొత్త పౌడర్ కొద్దిగా పోస్తే అడుగునెక్కడో పడి ఉంటుంది. తుపాకి పైకెత్తితే ఒక చోట, దించితే ఇంకో చోట. దాంతో ఒక గుండుకీ ఇంకో గుండుకీ వేగం మారిపోతుంది. 4759 అలా కాదు, కొంచెం పోసినా తొడుగులో బాగానే నిండుతుంది. పొరపాటున రెండోసారి పోశామంటే కంటికి కనిపించిపోతుంది, నాలాంటి మతిమరుపు మనిషికి అదే పెద్ద వరం. సీసం బుల్లెట్‌ని మరీ వేగంగా తోస్తే బ్యారెల్‌లో సీసం అంటుకుపోతుంది. ఈ మందు మెల్లగా తోస్తుంది, భుజానికీ హాయి.

దీనికి బదులు లేదా అంటే ఉంది. తగ్గించి నింపుకోవడానికి హెచ్ 4895 కి తయారీదారులే పద్ధతి చెప్పారు. ఉంగరాల్లా గింజలుండే ట్రెయిల్ బాస్ అసలు పుట్టిందే నెమ్మది తూటాల కోసం. అంటే ఈ డబ్బా లేకపోతే నా పనేమీ ఆగదు. అయినా మూడేళ్ళుగా ముట్టలేదు. వాడితే అయిపోతుందని దాచాను. దాస్తే పాడవుతుందని తెలియక కాదు.

38 స్పెషల్ తూటాలోనో ఇంకో దానిలోనో కొత్తగా ప్రయత్నిద్దామా అని కాసేపు మనసు లాగింది. వద్దనుకున్నాను. కొత్త లెక్క కుదిరేలోపు ఉన్నదాంట్లో మూడో వంతు ప్రయోగాలకే పోతుంది. పెదనాన్న నోట్‌బుక్‌లో 45-70 లెక్క ఉంది. ఆయన మీద ఎంత గౌరవమున్నా దాన్నే నమ్మేయలేదు. ఈ పౌడర్ దొరికే రోజుల్లో అచ్చయిన మాన్యువల్ తీసి సరిచూశాను. ఆయన అంకె అందులోని కనిష్ఠానికి కాస్త పైన ఉంది. నేను కనిష్ఠంతోనే మొదలుపెట్టాను.

మధ్యాహ్నం కూర్చున్నాను. పదకొండో తొడుగు దగ్గర ఫోన్ మోగింది. తీయకూడదు, తీశాను. తిరిగొచ్చేసరికి పదకొండోది నింపానా లేదా అన్న అనుమానం. టార్చి వేసి చూస్తే నిండే ఉంది, కానీ పక్కదాని కన్నా పైకి ఉందేమోనన్న పురుగు తొలవడం మొదలెట్టింది. పదకొండింటినీ డబ్బాలోకి ఒంపేసి, ఫోన్ పక్క గదిలో పడేసి, ఒకటో దాని నుంచి మళ్ళీ తూచాను. గంట వృథా. తమ్ముడు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు, నవ్వనీ.

చీకటి పడేసరికి ఇరవై తయారయ్యాయి. ఈ లెక్కన డబ్బాలో ఇంకో నూట పదికి సరిపడా ఉండొచ్చు. మూత బిగించి, "సీసానికి మాత్రమే" కింద చిన్న అక్షరాలతో ఇవాళ్టి తేదీ, దాని పక్కన 20 అని రాశాను. ఈసారి డబ్బాని వెనక్కి నెట్టకుండా ముందు వరసలో పెట్టాను.