సేవ చేసే మనసు, లెక్కకు వచ్చే సేవ

చదువూ ఆదాయమూ పెరిగేకొద్దీ స్వచ్ఛంద సేవలో పాల్గొనేవారు ఎక్కువవుతారని సర్వేలు చాలాకాలంగా చెబుతున్నాయి. అంతమాత్రాన పేదవారికి సేవాభావం తక్కువని తేల్చేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఆ సర్వేలు చాలావరకు అడిగేది ఏదైనా సంస్థ తరఫున పనిచేశారా అన్నదే.

జబ్బుపడిన పొరుగింటి వృద్ధురాలికి వండిపెట్టి, పనికి వెళ్లిన మరో తల్లి బిడ్డను సాయంత్రందాకా కనిపెట్టుకొని ఉండే మనిషి తాను చేస్తున్నది స్వచ్ఛంద సేవ అనుకోదు; అడిగితే లేదనే చెబుతుంది. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం 2018లో వెలువరించిన నివేదిక మాత్రం ప్రపంచంలోని స్వచ్ఛంద సేవలో దాదాపు 70 శాతం ఇలా సంస్థల ప్రమేయం లేకుండా జరిగేదేనని అంచనా వేసింది.

పరిశోధకుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. 2010లో పాల్ పిఫ్ బృందం ప్రయోగాల్లో కింది తరగతివారు ఎక్కువ ఉదారంగా కనిపించగా, 2015లో మార్టిన్ కోర్న్‌డోర్ఫర్ బృందం పెద్ద సర్వేలను పరిశీలించి, దానంలోనూ స్వచ్ఛంద సేవలోనూ పైతరగతివారే ముందున్నారని తేల్చింది. ప్రయోగశాలలో చూపిన ఉదారతా, సంస్థలో పేరు నమోదు చేసుకోవడమూ ఒకటి కావు గనుక, ఈ తేడా నాకు ఆశ్చర్యం కలిగించదు.

నా దృష్టిలో అసలు ప్రశ్న అవకాశానికి సంబంధించినది. వచ్చే వారం ఏ పూట పని ఉంటుందో ముందుగా తెలియని కూలి మనిషి ప్రతి శనివారం ఉదయం వస్తానని మాట ఇవ్వలేడు. ఒక పూట మానితే ఆ పూట కూలి పోతుంది, రానుపోను ఛార్జీలు అదనం. ఆఫీసు ఉద్యోగికి సమావేశాల్లో మాట్లాడటం, ఉత్తరాలు రాయడం ఉద్యోగంలోనే అలవడతాయి, సంస్థలకు కావలసినవీ అవే. అన్నిటికంటే ముఖ్యం, రమ్మని అడిగేవారు ఉండటం: చాలామంది ఈ సేవలోకి వచ్చేది ఎవరో పిలిస్తేనే, పిలిచేవారేమో తమవంటి వారినే పిలుస్తారు. పిలుపే అందని మనిషికి ఆసక్తి లేదని రాసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సంస్థలు ప్రయాణ ఖర్చును తర్వాత రసీదులు చూసి ఇవ్వడం కాక ముందే చేతికివ్వాలి, వీలున్న రోజు గంటో రెండు గంటలో వచ్చి వెళ్లే పనులు ఏర్పాటు చేయాలి. అలా వచ్చినవారికి కుర్చీలు సర్దే పని మాత్రమే అప్పగించి, నిర్ణయాలు తీసుకునే కమిటీని పాతవారితోనే నింపితే, వారు ఎక్కువ కాలం నిలవరు.